ఊరి గోడ మీద వాన లెక్క

పుష్యమాసంలో తెల్లవారుజామున మహానంది కోనేట్లో స్నానం చేసినవాళ్లను అడగండి. గట్టు మీద గజగజ వణికిన ఒళ్లు నీళ్లలో దిగగానే కుదుటపడుతుంది, నీళ్లు గోరువెచ్చగా తగులుతాయి అంటారు. అదే కోనేట్లో రోహిణి కార్తె ఎండలో, నంద్యాల నుంచి మాడిపోతూ వచ్చి దిగితే ప్రాణం లేచి వస్తుంది. నీళ్లు అంత చల్లగా ఉంటాయి. అడుగున పడిన నాణెం పైకి కనిపించేంత తేటగా, ఏడాది పొడుగునా పారే ఆ నీళ్లు చలికి వెచ్చన, ఎండకు చల్లన అని చెప్పుకుంటారు. స్వామి మహిమ అని దండం పెట్టుకునేవాళ్లు పెట్టుకుంటారు. అందులో ఒక శాస్త్ర పాఠం కూడా ఉంది.

నిజానికి ఆ నీటి వేడి పెద్దగా మారదు. మారేది గాలి. నల్లమల మీద కురిసిన వాన రాతి పగుళ్లలో ఇంకి, లోపల లోపలే సాగి, కొండ దిగి మైదానం మొదలయ్యేచోట ఊటగా పైకి వస్తుంది. నేల పైపొర ఎండకు కాగుతుంది, చలికి ఆరుతుంది. కానీ ఆ హెచ్చుతగ్గులు లోపలికి పోయేకొద్దీ నీరసిస్తాయి. పది, పదిహేను మీటర్ల లోతుకు చేరేసరికి వేసవీ శీతాకాలమూ తేడా తెలియదు. అక్కడి రాయి, అక్కడి నీరు ఆ ప్రాంతపు ఏడాది సగటు వేడికి దగ్గరగా నిలిచిపోతాయి. ఈ సీమలో ఆ సగటు 30 డిగ్రీలకు కాస్త తక్కువ. జనవరి వేకువన గాలి అంతకన్నా ఎంతో చల్లన కాబట్టి నీళ్లు వెచ్చగా అనిపిస్తాయి. మే నెలలో గాలి 44 డిగ్రీల మీద ఉంటుంది కాబట్టి అవే నీళ్లు చల్లగా అనిపిస్తాయి. మన చర్మం వేడిని కొలవదు, తేడాను కొలుస్తుంది.

గట్టు మీది గాలి ఈ పూట సంగతి చెబుతుంది. కోనేటి నీళ్లు ఏళ్ల తరబడి సగటు చెబుతాయి. వాతావరణ మార్పు గురించి జనానికి చెప్పబోయిన ప్రతి ప్రభుత్వమూ తడబడింది ఈ తేడా దగ్గరే.

ఒక్క మాట, మూడు అర్థాలు

తెలుగులో ఈ తడబాటుకు ఇంకో కారణం కూడా తోడైంది. భూమిని చుట్టుకున్న గాలి పొరనూ వాతావరణం అంటాం. ఈ రోజు ఎండా వానా సంగతినీ వాతావరణం అంటాం. ముప్పై ఏళ్ల లెక్కలు తీసి చెప్పే సగటునూ వాతావరణమే అంటున్నాం. బడి పుస్తకాల్లో మూడోదానికి శీతోష్ణస్థితి అని వేరే మాట ఉంది. పరీక్ష అయిపోయాక దాన్ని పుస్తకంలోనే వదిలేశాం. అందుకే "వాతావరణం మారుతోంది" అని ఏ అధికారి ఊళ్లో చెప్పినా, "ఎప్పుడు మారలేదు సార్? నిన్న ఎండ, ఈ రోజు మబ్బు" అన్న జవాబు వస్తుంది. ఆ జవాబు ఇచ్చినవాడిలో తెలివితక్కువేమీ లేదు. మన మాటలోనే స్పష్టత లేదు.

అలాగని పల్లె జనానికి సగటు అంటే తెలియదనుకుంటే పొరపాటు. కార్తెలన్నీ సగటులే. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే పదమూడు, పద్నాలుగు రోజులను ఒక కార్తెగా కట్టి, ఏ కార్తెలో ఏ వాన, ఏ విత్తు అని తరాల అనుభవాన్ని సామెతల్లో దాచుకున్నారు. "ఉత్తర చూసి ఎత్తర గంప" అన్న సామెతలో ఓ కరువు ప్రణాళికే ఉంది. సెప్టెంబరు 13 ప్రాంతంలో ఉత్తర కార్తె వస్తుంది. అప్పటికీ వాన జాడ లేకపోతే ఇక ఆశ పెట్టుకోవద్దు, గంప నెత్తికెత్తుకుని పని ఉన్నచోటికి పొమ్మని దాని అర్థం.

2019లో ఆ ఉత్తర కార్తె ఎలా వచ్చిందో నంద్యాల, మహానంది వాసులకు గుర్తుంది. కార్తె పుట్టిన నాలుగైదు రోజులకే, సెప్టెంబరు 17న, రాత్రంతా కురిసిన కుండపోతకు మహానంది ఆలయంలోకి వరద చేరింది. తేటనీటి గుండాలు బురదనీటిలో కలిసిపోయాయి. కుందూ నది పొంగి పంట చేలను ముంచింది. ఒక్క వరదను చూపించి ఇదే వాతావరణ మార్పు అనడం శాస్త్రం ఒప్పుకోదు. కుందూకు అంతకుముందూ వరదలు వచ్చాయి. శాస్త్రం చెప్పేది వేరు. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. మోసినదాన్ని కుమ్మరించే రోజు వస్తే వాన మునుపటికన్నా బరువుగా పడుతుంది. మధ్యలో బెట్ట రోజులు పెరుగుతాయి. ఏడాది మొత్తం చూస్తే వాన అంతే ఉండవచ్చు, పడే తీరు మారుతుంది. కార్తెల లెక్క తప్పుతోందని రైతు అనేది దీన్ని చూసే.

నేల కూడా ఇదే సాక్ష్యం చెబుతోంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు దేశంలో పలుచోట్ల బోరు రంధ్రాల్లోకి ఉష్ణమాపకాలు దింపి, లోతుకు లోతుకు వేడి ఎలా మారుతోందో కొలిచారు. పైన వచ్చిన మార్పు లోపలికి నిదానంగా దిగుతుంది కనుక ఆ కొలతల్లో గతం దాగి ఉంటుంది. సుమారు 150 ఏళ్లలో నేల పైభాగం సగటున 0.9 డిగ్రీ వేడెక్కిందని 2002లో వాళ్లు తేల్చారు. 1901 నుంచి 2018 మధ్య దేశంలో గాలి సగటు వేడి సుమారు 0.7 డిగ్రీ పెరిగిందని కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020లో ప్రకటించింది.

సినిమా హాలు స్లయిడు నుంచి

జనానికి చెప్పాలన్న ప్రయత్నం కొత్తది కాదు. న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన వ్యాజ్యంలో 1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలను ఈ దేశపు పర్యావరణ విద్యకు పునాదిరాయి అనవచ్చు. సినిమా హాళ్లలో ప్రతి ఆటకూ పర్యావరణ స్లయిడ్లు ఉచితంగా వేయాలని, రేడియో, దూరదర్శన్ రోజూ కాసేపు ఈ విషయానికి కేటాయించాలని, చదువుల్లో పర్యావరణం తప్పనిసరి పాఠం కావాలని కోర్టు చెప్పింది. మరుసటి ఏడాది, 1992లో, ఐక్యరాజ్యసమితి వాతావరణ ఒప్పందం ఆరో అధికరణంలో ప్రజలకు నేర్పడం, వాళ్లను భాగస్వాములను చేయడం ప్రభుత్వాల బాధ్యత అని రాసుకుంది. 2015 పారిస్ ఒప్పందంలో అది పన్నెండో అధికరణం. ఈలోగా 2001లో జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు వెలిశాయి. 2008 జూన్ 30న ఎనిమిది మిషన్లతో వాతావరణ మార్పుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. 2015లో రైల్వే పెట్టెల్లో వాతావరణ ప్రదర్శనతో సైన్స్ ఎక్స్‌ప్రెస్ దేశం చుట్టింది. 2022 అక్టోబరులో పర్యావరణహిత జీవనశైలి కోసం మిషన్ లైఫ్ మొదలైంది.

ఇవన్నీ అవసరమే. ఎకో క్లబ్బులో మొక్క నాటిన పిల్ల పెద్దయ్యాక చెట్టును చూసే చూపు వేరుగా ఉంటుంది. కానీ స్లయిడు వెలిగి ఆరిపోయాక బొమ్మ మొదలవుతుంది. ర్యాలీ అయ్యాక బ్యానరు చుట్టేస్తారు. ధ్రువాల మంచు కరుగుతోందని విన్న కోవెలకుంట్ల శనగ రైతుకు తన చేలో పదును ఎన్నాళ్లు నిలుస్తుందో తెలియదు. వినడం ఒకటి, కొలవడం ఒకటి. ఈ రెండోదాన్ని నేర్పిన ప్రయత్నం ఒకటి మన ఆళ్లగడ్డ పక్కనే జరిగింది. దాని సంగతి ఇక్కడే ఎక్కువమందికి తెలియదు.

ముత్యాలపాడు పాఠం

ఆళ్లగడ్డ దగ్గరి ముత్యాలపాడు కేంద్రంగా పనిచేసే బర్డ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ముందుండి నడిపిన పథకం అది. పేరు ఏపీఫామ్‌గ్స్, అంటే రైతులే నడుపుకునే భూగర్భ జలాల పథకం. నెదర్లాండ్స్ ఆర్థిక సాయంతో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 2003 నుంచి 2009 దాకా ఉమ్మడి రాష్ట్రంలోని ఏడు కరువు జిల్లాల్లో సాగింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల్లో ఆరు వందలకు పైగా గ్రామాలు అందులో ఉన్నాయి. డబ్బు పంచలేదు, సబ్సిడీ ఇవ్వలేదు, ఫలానా పంట వేయొద్దని ఎవరినీ కట్టడి చేయలేదు. రైతుల చేతికి కొలతలు ఇచ్చారు, అంతే.

ఆ కొలతలు మూడు రకాలు. మొదటిది వాన. ఊళ్లో వర్షమాపకం నిలబెట్టి, దాని బాధ్యత రైతుకు అప్పగించారు. దేశమంతా వాన కొలిచే వేళ ఉదయం 8:30. గరాటులోంచి సీసాలోకి దిగిన నీటిని గీతలున్న గాజు గొట్టంలో పోసి, కంటికి సమంగా ఎత్తి, అంకె చదివి పుస్తకంలో రాయాలి. రెండోది బావి. తీగకు కట్టిన మాపకాన్ని బోరులోకి వదిలితే నీటిని తాకగానే చప్పుడు చేస్తుంది, అక్కడికి తీగ పొడవు చూసుకుంటే నీటి లోతు తెలుస్తుంది. మూడోది బోరు పోసే నీరు. దీనికి డ్రమ్ము, గడియారం చాలు. 200 లీటర్ల డ్రమ్ము 100 సెకన్లలో నిండితే ఆ బోరు సెకనుకు రెండు లీటర్లు పోస్తోందన్నమాట. గంటకు 7,200 లీటర్లు. తొమ్మిది గంటల కరెంటుకు దాదాపు 65 వేల లీటర్లు. రెండించుల నీళ్లు, మూడించుల నీళ్లు అని గొట్టాన్ని బట్టి చెప్పుకునే రైతు ఈ లీటర్ల లెక్క మొదటిసారి చూసినప్పుడు కాసేపు మాట్లాడడు. తన భూమి అడుగు నుంచి రోజూ ఏం పోతోందో అప్పుడు అంకెలో కనిపిస్తుంది.

తర్వాతిది బడి. రైతు నీటి పాఠశాల అన్నారు దాన్ని. పాతిక, ముప్పై మంది ఆడా మగా కూర్చుని, జూన్ నుంచి మే దాకా సాగే జల సంవత్సరమంతా మళ్లీ మళ్లీ కలిసి, రాసుకున్న అంకెలను పోల్చుకునేవాళ్లు. ఖరీఫ్ వానలు వెనకబట్టాక, రబీ విత్తు పడకముందు అసలు పరీక్ష. పంటల నీటి బడ్జెట్ అంటారు దాన్ని. ఎంత వాన పడింది, అందులో ఎంత ఇంకింది, ఎంత తోడేశాం, ఎంత మిగిలింది, రబీలో ఎవరెవరు ఏ పంట ఎన్ని ఎకరాలు వేయాలనుకుంటున్నారు, దానికి ఎంత కావాలి అని ఊరంతా కూర్చుని వేసే లెక్క. దాన్ని నలుగురికీ కనిపించేలా బోర్డు మీద, గోడ మీద రాసేవారు.

ఆ లెక్కకు ఉన్న పదును తెలియాలంటే ఒకసారి మనమే వేసి చూడాలి. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 4,047 లీటర్లు. ఒక ఊళ్లో ఏడాదికి 600 మిల్లీమీటర్లు పడిందనుకుందాం. రాతి నేలల్లో అందులో సుమారు పదో వంతు, అంటే 60 మిల్లీమీటర్లు, భూమిలోకి దిగుతుంది. ఎకరానికి దాదాపు 2 లక్షల 43 వేల లీటర్లు. వరికి పైరు కాలమంతా కలిపి 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలి. ఎకరానికి 48 లక్షల లీటర్ల పైమాటే. బోరు కింద ఎకరం వరి పండించాలంటే ఇరవై ఎకరాల్లో ఏడాదంతా ఇంకిన నీరు అందులో పోయాలి. మడిలో నిలిచినదాంట్లో కొంత మళ్లీ నేలలోకే పోతుందని తీసేసినా లెక్క గుండెల మీద బరువుగానే ఉంటుంది. అదే కొర్రకు మూడు, నాలుగు వందల మిల్లీమీటర్లు చాలు. ఒక ఎకరం వరి నీటితో మూడెకరాల కొర్ర పండుతుంది.

ఈ లెక్క చూసి ఎవరి నిర్ణయం వాళ్లు తీసుకున్నారు. కొందరు వరి తగ్గించారు, కొందరు ఆరుతడి పంటలకు మళ్లారు. 2010లో ప్రపంచ బ్యాంకు భూగర్భ జలాల నివేదిక ఈ పథకాన్ని పరిశీలించింది. పథకం నడిచిన హైడ్రాలజికల్ యూనిట్లలో, అంటే ఒకే వాగుకు నీరు చేరే ప్రాంతాల్లో, 42 శాతం చోట్ల మూడేళ్లపాటు వరసగా రబీలో తోడే నీరు తగ్గింది. 51 శాతం చోట్ల కొన్నేళ్లు తగ్గింది, కొన్నేళ్లు తగ్గలేదు. పెరిగినవి 7 శాతమే. చట్టం, జరిమానా, పోలీసు ఏదీ లేకుండా, అంకె ఒక్కటే చేసిన పని ఇది.

తర్వాతి మెట్టు సూటిగా వాతావరణ మార్పు మీదికే ఎక్కింది. ఆహార వ్యవసాయ సంస్థ, ప్రపంచ పర్యావరణ నిధి కలిసి అవే ఏడు జిల్లాల్లోని తొమ్మిది హైడ్రాలజికల్ యూనిట్లలో చేపట్టిన ప్రయోగం బర్డ్స్ చేతుల మీదుగానే నడిచింది. నీటి పాఠశాలల బాటలోనే రైతు వాతావరణ పాఠశాలలు పెట్టారు. వానతోపాటు ఎండ, గాలి, తేమ కూడా రైతులు కొలిచారు. వాతావరణం అన్న మాటకు ఉన్న మూడు అర్థాలూ ఆ బడిలో విడివిడిగా బోధపడ్డాయి. ఈ రోజు రాసిన అంకె ఈ పూట సంగతి. పుస్తకం పేజీలు నిండేకొద్దీ తేలేది శీతోష్ణస్థితి.

2019 డిసెంబరులో కేంద్రం మొదలుపెట్టిన అటల్ భూజల్ యోజనలోనూ పంచాయతీ నీటి బడ్జెట్లే కీలకం. ఆ పథకానికి ఎంచుకున్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. అదే తరహా లెక్కను అంతకు పదిహేనేళ్ల ముందే గోడ మీద రాసి చూపిన సీమ మనది.

ఎండ చెప్పిన పాఠం

కొలత ప్రాణం నిలిపిన చోటు ఇంకొకటుంది. 2015 వేసవిలో ఆంధ్రప్రదేశ్‌లో వడదెబ్బకు 1,369 మంది చనిపోయారని ప్రభుత్వ లెక్క. అప్పటిదాకా ఎండను మనం విపత్తుగా చూడలేదు. ఎండాకాలం ఎండ కాయదా అని ఊరుకున్నాం. ఆ తర్వాత రాష్ట్రం వడగాడ్పుల కార్యాచరణ ప్రణాళిక తయారు చేసుకుంది. రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాల వారీగా ముందురోజే హెచ్చరికలు ఇవ్వసాగింది. ఉపాధి కూలీల పని వేళలు మారాయి, చలివేంద్రాలు పెరిగాయి. 2016లో మరణాలు 723కు దిగాయి. ఎండలు మాత్రం తగ్గలేదు. 2024 వేసవిలో నంద్యాలలో 46 డిగ్రీలు దాటింది.

ఈ హెచ్చరిక జనానికి ఎందుకు ఎక్కింది? "భూతాపం పెరుగుతోంది" అన్న మాటలో ఊరి పేరు లేదు, రోజు లేదు, చేయాల్సిన పని లేదు. "రేపు మీ మండలంలో వడగాడ్పులు, పదకొండు నుంచి నాలుగు దాకా బయటికి రావద్దు" అన్న మాటలో మూడూ ఉన్నాయి. 2025 జనవరి 18న ఆళ్లగడ్డ దాటితే వచ్చే మైదుకూరులో మొదలైన స్వర్ణాంధ్ర స్వచ్ఛాంధ్ర కార్యక్రమంలోనూ నెలకో అంశం పెట్టుకున్నారు. మే నెలది ఎండ వేడి నుంచి కాచుకోవడమే. నెలకో శనివారం చేసే పనికి ప్రతి ఉదయం రాసే అంకె తోడైతే దాని ఫలితం నిలుస్తుంది.

మట్టిలో రాసుకున్న పాఠం

రైతు సాధికార సంస్థ 2016 నుంచి రాష్ట్రమంతా నడుపుతున్న ప్రకృతి సాగు ఉద్యమానిదీ ఇదే దారి. అక్కడ వాతావరణ మార్పు అన్న మాటతో పాఠం మొదలు కాదు. డ్వాక్రా మహిళలు ఒకచోట చేరి 200 లీటర్ల నీళ్లలో పది కిలోల పేడ, మూత్రం, రెండు కిలోల బెల్లం, రెండు కిలోల పప్పుల పిండి, గట్టు మీది గుప్పెడు మట్టి కలిపి జీవామృతం తిప్పడంతో మొదలవుతుంది. తొలకరికి ముందే నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద, ఘనజీవామృతం పట్టించి చల్లుతారు. నేల ఎప్పుడూ పచ్చగా కప్పి ఉంటే ఎండకు కాగదు, జడివానకు కోసుకుపోదు, పదును ఇంకాస్త నిలుస్తుంది. సాగు చేసే రైతే పక్క రైతుకు నేర్పడం దీని పద్ధతి. 2024లో పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ మానవతా పురస్కారాన్ని ఈ కార్యక్రమం మరో ఇద్దరితో కలిసి అందుకుంది. దిగుబడుల మీద శాస్త్రవేత్తల మధ్య చర్చ ఉంది, ఉండాలి కూడా. ఆ చర్చ తేలేది సైతం చేలో తీసిన కొలతలతోనే.

కొలతల పనిలో ఈ ప్రాంతానికి ఉన్నంత దన్ను తక్కువచోట్ల ఉంటుంది. నంద్యాలలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచి పనిచేస్తోంది. కొర్రలో సూర్యనంది, యంత్రంతో కోయగల ఎత్తుకు పెరిగే ధీర శనగ అక్కడి రకాలే. మహానందిలోనే వ్యవసాయ కళాశాల ఉంది. వానల మీద నమ్మకం సడలుతున్నప్పుడు తక్కువ నీటితో గట్టెక్కే పైరును చూపించడం కూడా వాతావరణ విద్యే.

ఇక మిగిలింది

ఈ ప్రయత్నాలన్నింటికీ ఒకే బలహీనత ఉంది. ప్రాజెక్టుకు గడువు ఉంటుంది, వాతావరణానికి ఉండదు. కొలిచే చేయి ఆగిపోతే గోడ మీద సున్నం కొట్టినట్టే. ముప్పై ఏళ్ల సగటు తేలాలంటే ముప్పై ఏళ్లూ ఎవరో ఒకరు ఉదయం ఎనిమిదిన్నరకు లేచి వెళ్లి గాజు గొట్టం ఎత్తి చూడాలి. ఆ పని ఏ సంస్థదో కాక ఊరిదై ఉండాలి.

అది పెద్ద ఖర్చు కాదు. ప్రతి హైస్కూల్లో ఒక వర్షమాపకం, ఒక ఉష్ణమాపకం, ఒక పుస్తకం చాలు. ఎనిమిదో తరగతి పిల్లలు రాసి, మరుసటి ఏడాది ఎనిమిదికి వచ్చే పిల్లలకు అప్పగించాలి. ఆ అంకెలు రైతు సేవా కేంద్రం గోడ ఎక్కాలి. అక్టోబరులో ఊరు ఒకసారి కూర్చుని నీటి బడ్జెట్ వేసుకోవాలి. లెక్క వేయడం తెలిసిన రైతులు ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. వాళ్ల జుట్టు నెరవక ముందే వాళ్లను పిల్లల ముందు కూర్చోబెట్టాలి.

ఇంకో చిన్న కోరిక. మహానంది కోనేటి గట్టున ఒక పలక పెట్టాలి. దాని మీద రెండే అంకెలు: ఈ పూట గాలి వేడి, ఈ పూట నీటి వేడి. వ్యవసాయ కళాశాల విద్యార్థులు రోజూ కొలిచి రాస్తే చాలు. స్నానానికి దిగే భక్తులు మొదటి అంకె పుష్యంలో ఒకలా, వైశాఖంలో ఒకలా ఉండటం, రెండోది కదలకుండా నిలబడటం తమ కళ్లతో చూస్తారు. ఏళ్లు గడిచాక ఆ రెండో అంకె కూడా ఏ పాటి కదిలిందో చూస్తారు. వాతావరణ మార్పు అంటే ఏమిటని పిల్లవాడు అడిగితే, తల్లి ఒళ్లు తుడుస్తూ ఆ రెండో అంకె వైపు వేలు చూపించవచ్చు.